తూము కింద రాయి

ఎంత తిప్పినా షట్టర్ కిందికి దిగడం లేదు. కాలువ తూములు తెరిచి మూసే లష్కర్ ఉప్పలయ్య హ్యాండిల్ వదిలేసి, మెడ పక్కన ఉబ్బిన గడ్డల మీదికి తువ్వాల జరుపుకొని, కాలువలోకి వంగి చూశాడు. అనుకున్నంతా అయింది. తూము పలక కింద ఎవరో బండరాయి దూర్చారు.

"ఓ మధుసూదన్! నీ పొలానికి కడుపు నిండదా?" అని గట్టు మీదున్న రైతును కేకేశాడు.

"ఒక్క పూట ఆగు జర, లష్కరన్నా," అని మధుసూదన్ నవ్వాడు.

కాలువ ఎగువనుండే పై రైతుల ఈ నవ్వంటే ఉప్పలయ్యకు ఒళ్లు మంట. కాలువ చివర సుందరమ్మ వరి పొట్ట మీదుంది. రేపటి నుంచి కాలువ బంద్. ఈ తూము ఇప్పుడే మూయకపోతే ఆమె పంట ఎండినట్టే. నీళ్లు ముట్టిస్తానని ఆమెకు మాటిచ్చాడు. చివరి మడికి నీళ్లు అందలేదన్న మాట ఇన్నేళ్ల కొలువులో ఆయన ఏనాడూ పడలేదు. ఆయన గర్వమంతా అదే!

బక్కచిక్కిన ఒంటితో నడుము లోతు నీళ్లలోకి దిగాడు. చెయ్యి రాయిని తాకగానే సూర్యాపేట దవాఖాన గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాడైన కణానికి చచ్చిపొమ్మని ఒంట్లోనే కబురు అందుతుందనీ, ఈ లింఫోమా క్యాన్సర్ కణాలు ఆ కబురును మధ్యలోనే అడ్డుకుని, బతకమనే కబురును మాత్రం ఆగకుండా నడిపించుకుంటాయనీ కోదాడ నుంచి వచ్చే డాక్టర్ పూర్ణిమ చెప్పింది.

"అంటే షట్టర్ పడకుంట రాయి పెట్టినయన్నట్టు," అన్నాడు ఉప్పలయ్య.

"అంతే పెద్దాయనా. ఆ రాయి తీసే మందే ఇచ్చాం. అవి ఇంకో రాయి పెట్టుకున్నాయి," అందామె, తల దించుకుని.

"వీటికంటె మా పై రైతులే నయం గదమ్మా!"

ఒంట్లో రాయి ఆయన చేతికి అందేది కాదు. ఇది అందింది. ఊపిరి బిగబట్టి లాగాడు. కదల్లేదు. పళ్లు కొరికి మళ్లీ లాగితే రాయి దొర్లిపోయింది. మధుసూదన్ గబగబా వచ్చి ఆయనను గట్టెక్కించి, తనే హ్యాండిల్ తిప్పాడు. పలక దిగింది. నీళ్లు ముందుకు ఉరికాయి.

"ఇంటికి పో అన్నా. పాణం బాగలేదు గద," అన్నాడు మధుసూదన్.

"నీళ్లు చివరిదాక ముట్టినంక పోత. లష్కర్ ఇంక బతికే ఉన్నడు, బిడ్డా!"

తుమ్మచెట్టు నీడలో కూర్చుని, పారే నీళ్లను తన మందను చూసుకున్నట్టు చూశాడు. పొద్దు వాలేసరికి తల చెట్టు మొదలుకు ఆనింది. కళ్లు మూతపడ్డాయి.

కళ్లతో చూస్తే గానీ ఆయన నమ్మడని, సుందరమ్మ తన మడిలో ముంచిన చెంబెడు నీళ్లతోనే గట్టు వెంట పరుగున వచ్చింది.

"లష్కరన్నా, మడి నిండింది! సూడు!"

ఆయన పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. "మాట నిలబెట్టుకున్నవు గదన్నా!" అంటూ ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆయన పాదాల దగ్గర ఆమె దించిన చెంబులో, ఎర్రమట్టి మెల్లగా అడుగుకు దిగి నీళ్లు తేటపడుతున్నాయి.