అల్లుడి గ్లాసు

చెరువు నీళ్ళ ప్లాంటులో ఆపరేటర్ చేసే పని చెప్పుకోవడానికి తేలికే. చెరువులోంచి నీళ్ళు తోడాలి, మెంబ్రేన్ గుండా పంపాలి, ఇళ్ళకి వదలాలి. మెంబ్రేన్ అంటే మరేం లేదు, తెల్లటి దారపు పోగుల్లాంటివి, లోపల బోలు. పోగు గోడకున్న కంటికి ఆనని రంధ్రాల్లోంచి నీరు దూరుతుంది, మురికి దూరదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇదంతా మన ఆపరేటర్ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చెప్పి, చివర్లో జగ్గులోంచి గ్లాసు నిండా నీళ్ళు వంచుకుని గటగటా తాగేసేవాడు. అది ఆ ప్లాంటు ఆనవాయితీ. జనం చప్పట్లు కొట్టేవారు.

ఆ జగ్గులో ఉన్నవి దారిలో కొట్లో కొన్న సీసా నీళ్ళు.

మనిషి మోసగాడేం కాదు. పోగుల్ని కడిగినప్పుడల్లా ఊడివచ్చే ఆకుపచ్చ జిగురు చూసీ చూసీ, ఆ వాసన పీల్చీ పీల్చీ అతనికి మనసు విరిగిపోయింది. నీళ్ళ పరీక్షలు తనే చేసేవాడు, ఏనాడూ వంక దొరకలేదు. బుర్ర నమ్మింది గానీ గొంతు నమ్మలేదు. ఇంట్లో "ప్లాంట్లో కడుపునిండా తాగొచ్చాను" అని టీతో సరిపెట్టేవాడు. పక్క వీధిలో ఉండే అత్తగారు మాత్రం, ఏళ్ళ తరబడి క్యాన్ నీళ్ళు తప్ప ముట్టని మనిషి, అల్లుడి మాట మీద కుళాయి తిప్పింది. ఆవిణ్ణి చూసి వీధి వీధంతా తిప్పింది.

ఆ ఏడు ఎండలకి చెరువు పచ్చబారింది. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. అత్తగారు ఊరుకుంటుందా? అందరినీ వెంటబెట్టుకుని ప్లాంటుకి వచ్చేసింది.

"ఏమోనండీ, పిల్లలకి పట్టాలంటే మనసొప్పడం లేదు," అంది వాళ్ళలో ఉన్న దర్జీ. "మీరు తాగితే మేమూ తాగుతాం."

ఆపరేటర్ అలవాటుగా గ్లాసు నింపి, అలవాటుగా తాగేశాడు.

"ఆ మిగిలినవి ఇలా ఇవ్వండి బాబూ, దాహంగా ఉంది," అంటూ అత్తగారు జగ్గు అందుకుంది. అతను చెయ్యి చాచేలోపే ఒక గుక్క మింగింది. మింగి, ఆగింది.

రోజూ ఆ కుళాయి నీళ్ళే తాగే నాలుక ఆవిడది. అల్లుడి వంక ఒక్కసారి చూసింది. ఆవిడకి తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. అంతమందిలో ఇప్పుడు ఈవిడ నోరు తెరిస్తే తన మాటా పోతుంది, ప్లాంటు పేరూ పోతుంది.

ఆవిడ మూతి తుడుచుకుంది. "మా ఇంట్లో వచ్చేవే. తేడా ఏముంది?" అంది అందరికీ వినబడేలా.

వీధి వాళ్ళు తేలికపడి వెళ్ళిపోయారు. అతను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు. నలుగురిలో కడిగేసినా ఇంత బాధ ఉండేది కాదు. పాలవాడితో కూడా అబద్ధమాడని మనిషి తన కోసం ఆడింది.

సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ అత్తగారింటికి వెళ్ళాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడ కుర్చీ చూపించి, మూత తియ్యని నీళ్ళ సీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీ కోసమే తెప్పించాను."

"అత్తయ్యా, ఆ కుళాయి నీళ్ళు మంచివే. ఒట్టు."

"మంచివని నాకు తెలుసు బాబూ. తాగుతున్నది నేనే కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అతను తలెత్తలేకపోయాడు. చటుక్కున లేచి, గ్లాసు తీసుకుని కుళాయి తిప్పాడు. కళ్ళు మూసుకుని, చుక్క మిగలకుండా తాగాడు. ఏమీ లేదు, ఉత్త నీళ్ళు. ఆవిడ చూడాలని ఆశగా వెనక్కి తిరిగాడు.

గదిలో ఎవరూ లేరు. వంటింట్లో గిన్నె చప్పుడైంది.

"టీ పెడుతున్నాను, కూర్చోండి," అంది ఆవిడ లోపల్నుంచి మెల్లగా. "బాగా మరిగిస్తాలెండి, భయం లేదు."