పని లేని పదవికి ఒక మాట

పెళ్లయి ఇరవై రోజులు. సంగవికి ఇంకా అన్నీ ముద్దొచ్చేవే. గచ్చు మీద తన మెట్టెల చప్పుడు, భర్త హరికృష్ణన్ తడితల విదిలిస్తే మీద పడే నీళ్లు, కోవిల్‌పట్టి నుంచి అమ్మ పంపిన వేరుశెనగ మిఠాయిని అతను పంటితో కొరికి సగం చేతిలో పెట్టడం.

విరుదునగర్‌లో ఆ ఇంటికి మరో ముచ్చట కూడా ఉంది. మామగారు రాజగోపాలన్ ఎనిమిదో తరగతిలో బడి మానేసి మిరపకాయల మండీలో కూర్చున్న మనిషి. ఎమ్మే ఇంగ్లీషు చదివిన కోడలు వచ్చేసరికి ఆయన కాళ్లు నేల మీద నిలవడం లేదు. రోజూ పొద్దున కాఫీ వేళకు ఆమె ఎవరికీ తెలియని ఇంగ్లీషు మాట ఒకటి చెప్పాలి. అర్థం చెప్పాలి. తరవాత తెలిసినవాళ్ల మీదే ఒక వాక్యం కట్టాలి. అది ఎవరికి తగిలితే వాళ్లను రోజంతా ఆ మాటతోనే ఏడిపిస్తారు. నూనె పరోటాలు ఎనిమిది తిన్న పాపానికి హరికృష్ణన్ నిన్నంతా ‘గూర్మాండ్’, అంటే తిండిపోతు అయ్యాడు.

ఆ రోజు మాట ‘సైనెక్యూర్’.

“జీతం ఉండి పని లేని ఉద్యోగం, మామా. పూర్వం చర్చీల్లో అట్లాంటి పదవులు ఉండేవంట.”

“సరి. వాక్యం కట్టు.”

సంగవి చుట్టూ చూసింది. ఇంట్లో ఎవరికీ అతకలేదు. అప్పుడు కింద మండీ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునే తిరుపతిసామి గుర్తొచ్చాడు.

ఆయనకు డెబ్బై. ఒకప్పుడు మూటలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడుతోనే సరుకు ఆరిందో లేదో చెప్పేవాడు. ఇప్పుడు తేమ చూసే మిషను వచ్చింది. రాజగోపాలన్ తండ్రి పెట్టుకున్న మనిషి కదా అని అలాగే ఉంచారు. భార్య పోయాక సాత్తూరులో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. “జీతం తెచ్చినన్నాళ్లే అల్లుడింట్లో నాకు చాప, అమ్మా” అని ఆయనే మొన్న నవ్వుతూ సంగవితో అన్నాడు.

“తిరుపతి తాత ఉద్యోగం ఒక సైనెక్యూర్” అంది సంగవి.

“అబ్బ, ఏం అతికిందే!” అని హరికృష్ణన్ చప్పట్లు కొట్టాడు. రాజగోపాలన్ మాత్రం నవ్వలేదు. ఆ మాటను మూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. ఇంత శ్రద్ధగా ఏ మాటనూ పలకలేదే అని సంగవి మురిసిపోయింది.

పది గంటలకు ఆయన అందరినీ కిందికి పిలిచాడు. తిరుపతిసామి స్టూలు మీంచి లేచాడు.

“అన్నా, నువ్వొక సైనెక్యూర్” అన్నాడు రాజగోపాలన్, మండీ అంతా వినేలా.

సంగవి నోరు ఊరుకోలేదు. “మనిషిని అనకూడదు మామా. ఉద్యోగాన్నే అనాల.”

“అట్లనా? అయితే ఉద్యోగాన్ని తీసేస్తే సరి. మనిషితో మనకేం తగవు?”

మూటలు మోసే ఇసక్కి పకపకా నవ్వాడు. తిరుపతిసామి అయోమయంగా సంగవి వైపు తిరిగాడు. “ఏందమ్మా ఆ మాట? తమ్ముడు నన్ను పొగుడుతుండాడా?”

“అర్థం చెప్పు, కోడలా” అన్నాడు రాజగోపాలన్.

సంగవి గబగబా అంది. “ఊరికే ఉదాహరణకి చెప్తి, మామా. తాత పని చేస్తానే ఉండారు కదా.”

“ఏం పని? ఒకటి చెప్పు, ఉంచేస్తా.”

ఆమె స్టూలును చూసింది, మిషనును చూసింది, మూటలను చూసింది.

“అర్థం” అన్నాడాయన మళ్లీ.

“జీతం ఉండి... పని లేని ఉద్యోగం, తాతా.”

ముసలాయన వంగి చెప్పులు వెతుక్కున్నాడు. “నిజమేలే. ఇంగ ఇంటికి పోయి కూతురికి ఏమని చెప్పేది?”

“ఆ మాటే చెప్పన్నా” అన్నాడు రాజగోపాలన్. “ ఇంగ్లీషులో చెప్తే గౌరవంగా ఉంటాది.”

మండీ గొల్లుమంది. హరికృష్ణన్ కళ్లు తుడుచుకుంటూ మోచేత్తో సంగవిని పొడిచాడు. ఆ మోచేయి తగిలితే ఆమెకు నవ్వు ఆగదు. ఇప్పుడూ ఆగలేదు.

తిరుపతిసామి దగ్గరికి వచ్చాడు. “ఒకసారి మెల్లగా పలుకమ్మా. బస్సు దిగేలోపల మరిచిపోతా.”

పెదవుల మీద నవ్వు ఇంకా ఆరకుండానే సంగవి ఆ మాటను ముక్కలు ముక్కలుగా విడదీసి పలికింది. ఆయన వెంట పలికాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది.