కుర్మయ్య బావ పచ్చ కళ్లు

హలో, అందరికీ నమస్కారం. నేను మొయినాబాద్ ధనరాజ్‌ని. మాట అందుతోందా? చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేస్తున్న రోజులవి. మా వైపు భూముల ధరలు పెరిగాయి. అమ్ముకున్నవాళ్లలో కొందరు తాగుడులో పడ్డారు. ముడిమ్యాలలో మా కుర్మయ్య బావ కూడా పడ్డాడు. తర్వాత కూతురు వనిత తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మానేశాడు.

ఏడాది తిరిగేసరికి బావ కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ మొదలుపెట్టాడనుకుంది మా అక్క అంతమ్మ. అప్పుడే వనితకు సంబంధం కుదురుతోంది. సిగ్గుతో ఆయన్ని లోపలి గదిలో ఉంచి, పసిరికలకని, అంటే కామెర్లకని, పసరు మందు తాగించి, ఉప్పులేని మజ్జిగన్నం పెట్టింది. ఊళ్లో మాత్రం తిరుపతి పోయాడని చెప్పింది.

నేను వెళ్లేసరికి పక్కింటి ముత్తమ్మ గోడ మీదుగా అడుగుతోంది.

"ఏమే అంతమ్మా, నీ మొగడు తిరుపతిల ఇంకా గుండు గీకిచ్చుకుంటనే ఉన్నడా? లడ్డు ఎప్పుడు పెడ్తవే?"

"వస్తడక్కా" అని అక్క తలెత్తకుండా లోపలికి వచ్చేసింది.

గదిలో బావ దుప్పట్లో వణుకుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. కుడి పక్కటెముకల కింద చెయ్యి నొక్కి పట్టుకున్నాడు.

"ఎప్పటిసంది నొప్పి బావా?"

"కండ్లు పచ్చగ గాకముందే ఉన్నది. మటన్ తిన్నప్పుడల్లా లేస్తుండె."

"మరి చెప్పలే?"

"ఎవలకు చెప్పాలె? కడుపునొప్పి అంటే తాగిండనే అంటరు."

"అననియ్. నడువు, దవాఖానకు పోదాం."

అక్క గుమ్మంలో అడ్డం నిలబడింది. "వద్దు తమ్మీ. కారెక్కుతుంటే ఊరంత చూస్తది. పిల్ల సంబంధం పోతది."

"పిల్లకు నాయిననే పోతడే అక్కా!"

అక్క పక్కకు జరిగింది. ముత్తమ్మ చూస్తుండగానే బావను కారెక్కించాం.

చేవెళ్లలో చూసి వెంటనే హైదరాబాద్ పంపారు. స్కానింగ్ చేశారు. పిత్తాశయంలోని రాయి ఒకటి జారి, పైత్యం దిగే గొట్టంలో ఇరుక్కుందట. కళ్లు పచ్చబడింది అందుకే. లోపల చీము పట్టింది.

"ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతోంది. ఇంకొంచెం ఆగితే మనిషి దక్కడు" అన్నాడు డాక్టర్.

అక్క గొంతు తగ్గించి అడిగింది. "తాగుడుతోని కాదా సారు?"

"చుక్క ముట్టనోళ్లకు కూడా వస్తాయమ్మా ఈ రాళ్లు."

నోట్లోంచి ట్యూబు వేసి రాయి తీశారు. కొన్నాళ్లకు పిత్తాశయాన్నే తీసేశారు. బావ కళ్లు తెల్లబడ్డాయి. అక్క మాత్రం వాటిలోకి చూడలేకపోయింది. మంచం పక్కన నేల మీద, ముఖం కొంగులో పెట్టుకుని కూర్చుంది.

"ఒకప్పుడు తాగినోన్నే గదనే. గందుకే నువ్వట్లనుకున్నవు" అన్నాడు బావ.

"బిడ్డ మీద ఒట్టేసినవు. అయినా నమ్మకపోతి" అంది అక్క, కొంగు తియ్యకుండానే.

ఇంట్లో ఎవరి కళ్లైనా పచ్చబడితే ముందు ఎక్కడ నొప్పి అని అడగండి, డాక్టరుకు చూపించండి. ఈ కథ మీ చుట్టాల గ్రూపులన్నిటికీ పంపండి. ఊరికి తెలుస్తుందని మనిషిని గదిలో దాచిపెట్టుకున్నవాళ్లు ఎక్కడైనా ఉంటే, వాళ్లకు చేరాలి.