నేను నడిపితే బాగానే ఉంది

క్లెయిముల ఆఫీసరుకు మనుషుల మాట మీద నమ్మకం లేదు. ఇరవై రెండేళ్లుగా బీమా కంపెనీలో ఆయన చేస్తున్న ఉద్యోగమే అది. ఎవరి దుకాణం కాలినా, ఎవరి బండి గుద్దుకున్నా ఆ కాగితాలు ఆయన బల్ల మీదికి వస్తాయి. ఆయన కళ్లద్దాలు ముక్కు కొసకు దించుకుని, "కాలిపోయిందంటున్నారు, సరే. అంతకుముందు ఉండేదని రుజువేది?" అని అడుగుతాడు. అవతలి మనిషి బిక్కమొహం వేస్తే ఆ పూట ఆయనకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది.

ఆయన భార్య ఆసుపత్రిలో, రక్తపరీక్షల లాబ్‌లో పని చేస్తుంది. మనిషి పొట్టి. మాట ఇంకా పొట్టి. మైక్రోస్కోపు అందడానికి స్టూలు మీద రెండు పాత రిజిస్టర్లు వేసుకుని కూర్చుంటుంది.

ఇద్దరికీ కలిపి ఒకటే కారు. పధ్నాలుగేళ్లది. పొద్దున తన ఆఫీసు దాకా ఆయన నడుపుతాడు. అక్కడ దిగి, తాళాలు దానం చేస్తున్నట్టు ఆమె చేతిలో పెడతాడు. ఆసుపత్రి దాకా ఆమె నడుపుకుంటుంది. సాయంత్రం ఆమె కారు తీసుకొచ్చి ఆఫీసు గేటు దగ్గర ఆపగానే మళ్లీ ఆయనే స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. భార్య నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్న తనను గుమాస్తాలు చూడటం ఆయనకు గిట్టదు.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆమె చెప్పింది. "ఏమండీ, స్టీరింగ్ బిగుసుకుపోతోంది. మలుపు తిప్పుతుంటే ఉన్నట్టుండి రాయిలా అయిపోయింది. ముందు బోర్డు మీద లైటు కూడా వెలిగింది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోయింది."

"ఇప్పుడు వెలుగుతోందా?"

"ఇప్పుడు లేదు."

ఆయన చూపుడువేలు ఒక్కటి పెట్టి చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూపించాడు. "చూడు. వెన్నలా తిరుగుతోంది. నేను నడిపితే బాగానే ఉంది."

ఆ మాట ఆ తర్వాత రెండు నెలల్లో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆమె చెప్పడం, ఆయన ఎక్కి వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి రావడం, దిగుతూ అదే మాట అనడం. ఆదివారం చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఇదే కబురు చెప్పి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా ఇంట్లో ఇప్పుడు స్టీరింగ్ ఓడు" అన్నాడు.

ఆడపడుచు వడ్డన ఆపి మరీ నవ్వింది. "రెండు ముద్దలు ఎక్కువ తినండి వదినా! చేతుల్లో సత్తువ లేకపోతే పాపం కారేం చేస్తుంది?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే అలిగిందంటారు.

చివరికి ఆమె పోరు పడలేక ఆయన కారును షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆ మెకానిక్‌ను చుట్టుపక్కల అందరూ ప్రొఫెసరు అంటారు. బానెట్ తెరిచే ముందు అరగంట పాఠం చెబుతాడు. ఆరోజు టైర్లలో గాలి గురించి చెప్పి, గాలి కొట్టి, ఆఫీసరును పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. స్టీరింగ్ పువ్వులా తిరిగింది. రెండోసారి బ్యాటరీ గురించి చెప్పి బ్యాటరీ మార్చాడు. మళ్లీ ఇద్దరూ తిరిగొచ్చారు. మళ్లీ పువ్వే. ఆ రెండుసార్లూ ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉంది. ఒకసారి నడిపి చూపించమని ఆమెను ఎవరూ అడగలేదు.

"ఆడవాళ్లకు కాస్త కంగారెక్కువ సార్" అన్నాడు ప్రొఫెసరు, ఆమె అక్కడే ఉండగా, ఆమెకు చెవులు లేనట్టు. ఆఫీసరు గంభీరంగా తలూపాడు.

ఆ మరుసటి వారమే ఆసుపత్రి మలుపులో ప్రమాదం తప్పింది. ఆమె చక్రం తిప్పుతుండగా సగంలో బిగుసుకుంది. ఎదురుగా చేతికర్రతో ఒక ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. ఆమె దాదాపు లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి చక్రాన్ని లాగింది. కారు ముసలాయన్ని తప్పించుకుని, ఫుట్‌పాత్ ఎక్కి చెత్తడబ్బాను గుద్ది ఆగింది. అరటితొక్కలు బానెట్ మీద పడ్డాయి. ముసలాయన కర్ర ఎత్తి తిట్టిన తిట్లన్నీ ఆమె చేతులు కట్టుకుని విన్నది. అవి న్యాయమైన తిట్లే అనిపించింది.

సాయంత్రం ఆఫీసరు సొట్ట చూసి, "వేగంగా వచ్చి ఉంటావు" అన్నాడు. దెబ్బ తగిలిందా అని అడగలేదు. ఆ రాత్రి ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు ఆ సంగతి తెలియలేదు.

ఆమె లాబ్‌లో ఒక నియమం ఉంది. వచ్చీ పోయే జ్వరానికి రక్తం చలి పట్టినప్పుడే తీయాలి. ఒళ్లు చల్లబడ్డాక తీసి, నీకేమీ లేదు పొమ్మంటే ఆ తప్పు రోగిది కాదు. ఈ నియమం కొత్తగా చేరిన పిల్లలకు ఆమే నేర్పుతుంది. తన కారుకు దాన్ని ఎందుకు వాడలేదా అని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. పాడైపోయిన రిపోర్టు ఫారం వెనక గీతలు గీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఎండా, వానా? ఏసీ వేసిందా, లేదా? ఎంత దూరం నడిచాక? కుడికా, ఎడమకా?

మూడు వారాల్లో తొమ్మిదిసార్లు బిగుసుకుంది. ఎండలోనూ బిగుసుకుంది, వానలోనూ బిగుసుకుంది. ఏసీతోనూ, లేకుండానూ. తొమ్మిదిసార్లలోనూ మారనివి రెండే కనిపించాయి. బండి మలుపులో ఉండటం, నడిపేది తను కావడం. ఆ కాగితాన్ని ఆమె మళ్లీ మొదటినుంచి చదువుకుంది. నిజంగా లోపం నాలోనే ఉందేమో అని మొదటిసారి అనుకుంది.

గురువారం ఆలస్యమైంది. ఆఫీసరు దిగగానే ఆమె సీటు ముందుకు జరుపుకోకుండా, ఏమీ సర్దుకోకుండా, వీపు వెనక బ్యాగు కుక్కుకుని, స్టీరింగ్ చక్రం కమ్మీల సందులోంచి రోడ్డు చూసుకుంటూ, పీటెక్కి కిటికీలోంచి తొంగిచూసే పిల్లలా నడుపుకుంటూ వెళ్లింది. సాయంత్రం కూడా అలాగే తిరిగొచ్చింది. వెళ్లేటప్పుడు ఆరు మలుపులు, వచ్చేటప్పుడు ఆరు. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే కూరగాయలకని చెప్పి ఆమె కారు తీసుకుని ఆటస్థలం పక్కన ఖాళీ జాగాకు వెళ్లింది. ముందు సీటు మాత్రం ముందుకు జరిపి పది చుట్లు తిప్పింది. ఏమీ కాలేదు. తర్వాత స్టీరింగ్ కింద ఉన్న మీట వదులు చేసి, రోజూ చేసుకునేట్టే చక్రాన్ని తన ఎత్తుకు కిందికి దించి బిగించింది. మూడో చుట్టులో లైటు వెలిగింది. చక్రం రాయైపోయింది. పైకెత్తి, కారు ఆపి స్టార్ట్ చేసింది. వెన్న. దించింది. రాయి.

ఖాళీ జాగాలో ఒంటరిగా ఆమె పెద్దగా నవ్వింది. కూరగాయలు కొనడం మరిచిపోయింది.

ఆ సోమవారమే ఆఫీసరు సెలవు పెట్టి షెడ్డుకు బయల్దేరితే, ఆమె కూడా వెంట వెళ్లింది. ప్రొఫెసరు ఈమధ్య కంప్యూటరు పెట్టి చూసి, స్టీరింగ్‌ను తేలిక చేసే మోటారుకు సెన్సారు నుంచి వెళ్లే కబురు మధ్యమధ్య తెగిపోతోందని కనిపెట్టాడు. కబురు ఎందుకు తెగుతోందో చూడకుండా, స్టీరింగ్ కడ్డీ మొత్తం పీకి ఇంకోటి పెట్టేద్దామని తేల్చాడు. పాత కారు నుంచి ఊడదీసిన కడ్డీ ఒకటి అప్పటికే గోనెసంచిలో చుట్టి సిద్ధంగా ఉంది.

"విప్పకముందు ఒకసారి నేను నడుపుతాను. మీరిద్దరూ ఎక్కండి" అన్నది ఆమె.

"ఇప్పుడెందుకు మేడం, సమస్య ఏంటో తెలిసిపోయాక..."

"ఎక్కవయ్యా మేస్త్రీ."

ఆ గొంతు ప్రొఫెసరు ఎప్పుడూ వినలేదు. ఆఫీసరూ వినలేదు. ఇద్దరూ ఎక్కారు. ఆమె చక్రం పైనే ఉంచి షెడ్డు ముందు రెండు చుట్లు తిప్పింది. ఆఫీసరు నోరు తెరిచాడు. ఆయన ఏమనబోతున్నాడో ఆమెకు తెలుసు కనుక, అనేలోపే మీట లాగి చక్రాన్ని దించింది. ఇంకో చుట్టు తిప్పింది. టక్కున లైటు వెలిగింది.

"ఇప్పుడు తిప్పండి. మీ ఒక్క వేలితోనే" అని ఆమె దిగి తన సీటు ఇచ్చింది.

ఆఫీసరు ఆ సీట్లోకి దూరడమే ఒక తతంగమైంది. మోకాళ్లు డాష్‌బోర్డుకు, చక్రం పొట్టకు అడ్డం పడ్డాయి. వేలితో తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులతో తిప్పాడు. మూలిగాడు. ప్రొఫెసరు పాఠమేమీ చెప్పకుండా టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కిందికి దూరాడు. కాళ్లు మాత్రం బయట మిగిలాయి.

"దొరికింది సార్!" అని లోపలినుంచి గొంతు. "సెన్సారుకు వెళ్లే వైర్లన్నీ కలిపి ఎవరో ప్లాస్టిక్ ట్యాగుతో పక్కనున్న ఇనుపపట్టీకి కట్టేశారు. చక్రం పైనుంటే సరిపోతోంది. దించితే వైర్లు గుంజుకుని, మలుపులో మోటారు అదిరినప్పుడు కనెక్టరు ఊడొస్తోంది. కంపెనీవాళ్లు ఇట్లా కట్టరు. ఎవడో అడ్డమైనవాడు చేతులు పెట్టాడు. ఈమధ్య ఇందులో ఏమన్నా పని చేయించారా సార్?"

వేసవిలో ఆఫీసరే కారుకు కొత్త పాటల సెట్టు కొని, మెకానిక్ ఎందుకు దండగ అని ఒక ఆదివారమంతా డాష్‌బోర్డు కింద పడుకుని తనే బిగించాడు. మిగిలిన వైర్లు వేలాడకుండా ట్యాగులు వేసి, పనంటే ఇలా ఉండాలని భార్యను పిలిచి మరీ చూపించాడు. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా, షెడ్డు గోడ మీది టైర్ల పట్టికను చదువుతున్నాడు.

"చెప్పండి" అన్నది ఆమె మెల్లగా. "మేస్త్రి అడుగుతున్నాడు."

"అదే... నేనే ఒకసారి..." అన్నాడు ఆయన పట్టికతో.

ట్యాగు కత్తిరించి, కనెక్టరు శుభ్రం చేసి లోపలికి నొక్కడానికి పావుగంట పట్టింది. ఆమె తన ఎదురుగానే చక్రాన్ని కిందికంటా దించి ఇరవై చుట్లు తిప్పించింది. గోనెసంచి విప్పే అవసరం రాలేదు. "ముందే మిమ్మల్ని కూర్చోబెట్టి చూడాల్సింది మేడం" అన్నాడు ప్రొఫెసరు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది. అన్నందుకు ఆమె అతన్ని కొంత క్షమించింది.

తర్వాతి ఆదివారం చెల్లెలి ఇంట్లో ఆఫీసరు మళ్లీ కథ ఎత్తుకున్నాడు. "వైరింగే అయ్యుంటుందని నాకు మొదట్నుంచీ అనుమానమే. పట్టుబట్టి పట్టేశాం."

"ఏ వైరండీ?" అన్నది ఆమె, మంచినీళ్లు పోస్తూ.

"ఉంటుంది... లోపల" అన్నాడు ఆయన, నీళ్లు అందుకుని తాగుతూ. గ్లాసు చాలాసేపు దించలేదు.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఆడపడుచు దగ్గరగా వచ్చింది. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "వదినా, మా కారు బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోంది. నేను నడిపినప్పుడే. మా ఆయన నా భ్రమంటారు. నెల్లాళ్లుగా భయంభయంగా నడుపుతున్నాను."

ఆమె నాలుక చివరిదాకా ఆ రెండు ముద్దల మాట వచ్చింది. ఎదురుగా ఉన్న మొహంలో భయం నిజంగానే కనిపించింది. మాట మింగి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తాళాలెక్కడున్నాయి?"

"ఇప్పుడా వదినా?"

"ఇప్పుడే. రోజూ ఎలా నడుపుతావో అలాగే నడుపు. నేను పక్కన కూర్చుంటాను."

గేటు చప్పుడు విని, హాల్లోంచి ఎక్కడికని ఎవరో కేకేశారు. అప్పటికే ఇద్దరూ సీటు బెల్టులు పెట్టుకుంటున్నారు.