తడవని మోకాళ్ళు

మా ఆయన పరిగెత్తాడు. నా రెండు కళ్ళతో చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఏడాదిన్నరగా కర్ర లేనిదే గడప దాటని మనిషి, పెరట్లోకి వెళ్ళాలన్నా నా భుజం పట్టుకునే మనిషి, గుండాలలో గోదారి ఇసుకలోంచి లేచి, గట్టెక్కి, కొండదారి పట్టి పరిగెత్తాడు. నేను గుప్పిళ్ళలో ఇసుకతో నోరు తెరుచుకుని ఉండిపోయాను.

అసలు ఆ ప్రయాణం లూయిస్ గారి చలవ. మా వీధి చివర మేడ ఆయనదే. ఫ్రెంచి పటాలంలో చేసి, పింఛను పుచ్చుకుని యానాం వచ్చేశారు. ఆ దేశంలో విషీ అని పాతకాలపు వేడినీళ్ళ ఊరుందట. ఒంట్లో బాగోకపోతే డాక్టరే చీటీ రాసి అక్కడికి పంపుతాడట. జనం పొద్దున్నే గ్లాసులు పట్టుకుని ఆ నీళ్ళు తాగి, సాయంత్రం కొండలెక్కి షికారు చేస్తారట. కర్రలతో వచ్చినవాళ్ళు కర్రలు పారేసి పోతారట. ఈ కబుర్లు మా వీధిలో పిల్లలకి కూడా కంఠతా వచ్చు.

ఆయన భార్య జోసెఫిన్ గారికి నడుంనొప్పి పట్టుకుంది. విషీకి వెళ్ళడం ఎలాగూ కుదరదు గనక, లూయిస్ గారు భద్రాచలం దగ్గర గుండాలకి వ్యాను మాట్లాడారు. అక్కడ గోదారి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. పొద్దున్న ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం, మధ్యాహ్నం లాంచీ ఎక్కి కొండలు చూడడం, మళ్ళీ ఇంటికి.

"మీ ఆయన అమ్మన్నని తీసుకురా బుల్లెమ్మా. మోకాళ్ళకి అంతకన్నా మందు లేదు," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎనభై ఆరు వరదలో మా పడవ తిరగబడి మా మరిది చిన్నారావు కొట్టుకుపోయాడు. మా ఆయన ఒడ్డున పడ్డాడు గానీ, మోకాళ్ళు పనికిరాకుండా పోయాయన్నాడు. ఆసుపత్రిలో ఎముకలేవీ విరగలేదన్నారు. ఎముకలు బాగుంటే మనిషి ఎందుకు లేవడని వాళ్ళనే తిట్టాను. అప్పటినుంచి ఇల్లు నా నెత్తిన పడింది, మాటవరసకి కాదు, నిజంగా నెత్తినే. రేవులో చేపలు కొనుక్కుని, గంప ఎత్తుకుని, మెట్టకూరు, అగ్రహారం వీధులన్నీ తిరిగి, కేకలేసి అమ్మేదాన్ని. సాయంత్రం వచ్చి ఆయన మోకాళ్ళకి నూనె రాసేదాన్ని. ఈమధ్య నా మెడ ఎటూ తిరగడం లేదు, చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఆయన లేచి చేపల వేటకెళ్తే తప్ప మా ఇల్లు ఇక నడవదు. అందుకే గుండాల మీద నా ఆశంతా పెట్టుకున్నాను.

ఆయన మాత్రం మొదటినుంచీ పేచీయే.

"లాంచీ అయితే నేన్రాను," అన్నాడు.

"నిన్నేవన్నా నడపమన్నారా ఏంటి? కూర్చోడమేగా!"

"ఎక్కలేనే. మోకాళ్ళు."

లాంచీ వేళకి నువ్వు వ్యానులోనే కూర్చుందువుగాని అని ఒప్పించాను. చేపల గంప శుభ్రంగా కడిగి, అందులో పులిహోర గిన్నె, మంచినీళ్ళ చెంబు పెట్టుకుని, ముందురోజు చీకటిపడ్డాక బయల్దేరాం.

గుండాలలో అప్పటికే బోలెడు జనం. లూయిస్ గారూ, డ్రైవరూ చెరో రెక్కా పట్టుకుని మా ఆయన్ని ఇసుకలోకి దింపారు. నీళ్ళకి దగ్గరగా తవ్వితే తొందరగా ఊరుతుందని అక్కడే కూర్చోబెట్టారు. ఆయన గోదారికి వీపు పెట్టి తిరిగాడు. ఎండ కళ్ళలో పడుతోంది కాబోలు అనుకున్నాను. నేను చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టాను. మోచేతి లోతు వెళ్ళేసరికి వేళ్ళకి వెచ్చగా తగిలింది. "వస్తోందయ్యా, వస్తోంది!" అని అరిచాను. ఏడుపొచ్చింది కూడా.

అప్పుడే ఒక లాంచీ ఒడ్డుకి దగ్గరగా, కూత పెట్టుకుంటూ పోయింది. దాని వెనకాల అల లేచింది. పెద్ద అలేం కాదు. పిల్లలు దానిలో గెంతారు. అది ఇసుక మీదికి పాకి మా ఆయన నడుం తడిపింది.

అంతే. కేక పెట్టి లేచాడు. నన్ను తోసుకుని, కర్ర తొక్కుకుని, పరుగు.

చుట్టూ చప్పట్లు, ఈలలు. జోసెఫిన్ గారు శిలువ గుర్తు వేసుకున్నారు. లూయిస్ గారికి ఒళ్ళు తెలియలేదు. "చెప్పానా! వేడినీళ్ళంటే ఏవనుకున్నారు!" అంటూ ఆ కర్ర తీసి గోదారిలోకి విసిరేశారు.

నేను గుంటలోకి చూశాను. అడుగున చారెడు నీళ్ళు కూడా లేవు. మా ఆయన అందులో కాలివేలు కూడా పెట్టలేదు.

కొండదారిలో ఒక బండరాయిని కావిలించుకుని కూర్చున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"మోకాళ్ళు బాగున్నాయా?" అన్నాను.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

తల వంచుకున్నాడు. "ఎప్పుడూ బాగానే ఉన్నాయే."

ఏడాదిన్నర. ఎన్ని సాయంత్రాలు ఆ మోకాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాను! చెయ్యి లేపాను, కొట్టేదాన్నే. చెయ్యి పూర్తిగా లేవలేదు, మెడ పట్టేసింది.

"చిన్నోడు నా కళ్ళ ముందే మునిగిపోయాడు," అన్నాడు. "అప్పట్నుంచి నీళ్ళు చూస్తే ఊపిరాడదు. పడవలో పుట్టినోణ్ణి, గోదారంటే భయవని ఎవడితో చెప్పుకోనే? నవ్వరా? మోకాళ్ళంటే ఎవుడూ నవ్వడు."

"నాతో చెప్పకూడదా?"

"నీతో అసలే చెప్పుకోలేను."

ఈ మాటకి నాకు మరీ మండింది. విసురుగా కిందికి దిగాను. లాంచీ షికారుకి మేమిద్దరమూ వెళ్ళలేదు. తిరుగుదారంతా వ్యానులో పాటలు, నవ్వులు. మా ఆయన చేత రెండుసార్లు లేపించి నడిపించుకున్నారు. నేను కిటికీలోంచి చీకట్లో కొండలు చూస్తూ కూర్చున్నాను, ఒక్కటీ కళ్ళకి ఆనలేదు.

తెల్లారి యానాంలో దిగేసరికి కబురు ముందే వచ్చేసింది. లూయిస్ గారు దారిలో ఎక్కడో ఆగి ఫోన్ చేసినట్టున్నారు. మా ఆయనతో పాటు పడవలో తిరిగిన యాకోబు, పదిమందిని వెంటేసుకుని వీధి మొదట్లో నిలబడ్డాడు.

"బావా! నీ చోటు అలాగే ఉంచాను. రేపే వేటకి వచ్చెయ్!"

అందరూ మా ఆయన కాళ్ళ వైపే చూస్తున్నారు. ఆయన కుడిచెయ్యి పక్కన కర్ర కోసం తడుముకుంది. కర్ర లేదు. మొహంలో రక్తం లేదు. నా వైపు చూశాడు. ఒక్క మాట నేను బయటపెడితే ఊరంతా నవ్వుతుంది. నోరు మూసుకుంటే రేపు పడవెక్కాలి.

"కాళ్ళు బాగయ్యాయి యాకోబూ," అన్నాను. "కానీ ఆయన వేటకి రాడు. నా మెడ పోయింది. రేపట్నుంచి గంప ఆయనే మోస్తాడు."

యాకోబు ఫక్కున నవ్వాడు. "మగోడు చేపల గంప నెత్తినెట్టుకుంటాడా? ఇంతకంటే కాళ్ళు లేకపోడవే నయం కదే బుల్లెమ్మా!"

వెనకాల వాళ్ళూ నవ్వారు. నవ్వు తప్పించుకోవడానికే ఇంత చేసిన మనిషి, ఆ నవ్వు మధ్య నిలబడ్డాడు. ఇక మళ్ళీ కూలబడతాడు, మోకాళ్ళు పట్టుకుంటాడు అనుకున్నాను.

ఆయన వంగాడు. నా చంకలోని గంప లాక్కుని, పులిహోర గిన్నెతో సహా నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా వీధిలోకి నడిచాడు. నా కోపం తీరలేదు, తీరడానికి చాలా కాలం పట్టింది. అయినా వెనకే నడిచాను.

మలుపు తిరిగాక అడిగాడు, నెమ్మదిగా: "మెట్టకూరులో ఏవని కేకెయ్యాలే?"