బావమరిది పేరు మీద మందులు

కెప్టెన్ బాత్‌రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మాత్రను రేకులోంచి చిటుక్కుమని తీశాడు. పదేళ్ల కూతురివి పాము చెవులు. ఒకసారి ఆ చప్పుడు విని అడిగితే, కడుపుమంటకు మాత్ర అని చెప్పారు. మింగి, రేకును చొక్కా జేబులో వేసుకున్నాడు. నూట ఎనభై మందిని ఆకాశంలో మోసుకెళ్లి భద్రంగా దించే మనిషి, తన ఇంట్లో తానే దొంగలా అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చాడు.

గుమ్మం దగ్గర భార్య నిలబడి ఉంది. పెళ్లయిన కొత్తలో ఆయనే పెట్టిన అలవాటు. బయల్దేరే ముందు ఆమె ఒక్కో వస్తువూ పేరుపెట్టి అడగాలి, ఆయన దాన్ని చేత్తో తాకి జవాబు చెప్పాలి. విమానంలోనూ అంతే. ఒకరు జాబితా చదువుతారు, రెండోవారు ఆ మీటను తాకి చెబుతారు. తాకకుండా "ఆఁ, ఉంది సార్" అనేసిన కుర్ర పైలట్లను ఆయన చెడామడా తిట్టేవాడు. "నోటికి అబద్ధం అలవాటురా, చేతికి కాదు" అనేవాడు.

"తాళాలు?"

"ఉన్నాయి."

"పాత సర్టిఫికెట్?"

"ఉంది."

ఆమె గొంతు తగ్గించింది. "ఆ మందుల ఫైలెందుకండీ సంచిలో? తీసేయండి."

"ఉండనీవే. ఇంట్లో పెడితే పిల్ల కంట పడుతుంది."

"డాక్టరమ్మ అడిగితే లేదనండి. అందరూ అనేది అదేగా. సోమవారానికి యూనిఫాం కూడా ఇస్త్రీ చేసి పెట్టాను."

ఆయన తలూపాడు. సోమవారం ఎగరాలంటే ఇవాళ వైద్య పరీక్ష అయ్యి, కొత్త ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద డాక్టరమ్మ సంతకం పడాలి. పడకపోతే ఆయన ఎందుకూ కొరగాడు. పాతికేళ్లుగా ఆయనకు వచ్చిన పని అదొక్కటే.

నాలుగు నెలల క్రితం ఒక మధ్యాహ్నం విమానాన్ని పువ్వులా దించి, పార్కింగ్‌కు వచ్చి కారులో కూర్చున్నాడు. తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. మూడు గంటలు అలాగే ఉండిపోయాడు. ఏడుపు లేదు, భయం లేదు, ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే భరించలేకపోయాడు. కంపెనీకి నడుంనొప్పి అని రాసి సెలవు పెట్టాడు. నడుంనొప్పిని ఎవరూ తప్పుపట్టరు. మనసుకు వైద్యం అంటే మాత్రం పక్కసీటు వాడు కూడా జాలిగా చూస్తాడు.

అప్పుడు బావమరిది ముందుకొచ్చాడు. ఆయనది చెప్పుల దుకాణం. కంచం ముందు కూర్చున్నా, గొడవ మధ్యలో ఉన్నా నవ్వుతూనే ఉండే మనిషి. "నా పేరు వాడుకో బావా, అరిగిపోతుందా ఏంటి" అన్నాడు. మందుల చీటీ బావమరిది పేరు మీదే, మందులూ ఆ పేరు మీదే. కెప్టెన్ ఆ పేరుతో వెళ్లినప్పుడల్లా మనసు డాక్టరు "దుకాణం ఎలా నడుస్తోంది?" అని అడిగేవాడు. కెప్టెన్ చెప్పుల సైజుల గురించి నాలుగు మాటలు అల్లేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అయినా మందు పనిచేసింది. రెండో నెలకు నిద్ర పట్టింది. మూడో నెలలో కూతురికి జడ వేస్తూ ఈల వేశాడు. వంటింట్లో భార్య ఆ ఈల విని కళ్లు తుడుచుకుంది.

పరీక్షల గదిలో డాక్టరమ్మ పదిహేనేళ్లుగా ఎరిగినావిడే. కళ్లు, చెవులు, గుండె, రక్తపోటు అన్నీ చూసింది. "మీరు రిటైరయ్యేదాకా నాకు పని పెట్టేలా లేరు కెప్టెన్" అని నవ్వింది. కొత్త సర్టిఫికెట్ ముందే టైపు చేయించి పేపర్‌వెయిట్ కింద పెట్టింది. సంతకమే తరువాయి.

ప్రశ్నలు మాత్రం ఆమే పైకి చదువుతుంది. పైలట్లు చదవకుండానే సంతకం గీకేస్తారని ఆవిడ పట్టు.

"మూర్ఛలు?"

"లేవు."

"గుండె జబ్బు?"

చెయ్యి అలవాటుగా ఛాతీ మీదికి వెళ్లింది. "లేదు."

"మానసిక సమస్యలకు వైద్యం?"

చెయ్యి ఇంకా అక్కడే, జేబు మీదే ఉంది. వేళ్ల కింద రేకు కరకరలాడింది. నోట్లో "లేదు" సిద్ధంగానే ఉంది. ఇస్త్రీ చేసిన యూనిఫాం కళ్ల ముందు ఆడింది, అయినా చెయ్యి ఆ రేకు మీంచి కదల్లేదు.

"ఉంది" అన్నాడు.

ఆమె కలం ఆగింది. ఆయన గబగబా ఫైలు తీసి ముందు పెట్టాడు. "నాలుగు నెలలుగా వాడుతున్నానమ్మా. ఇప్పుడు బాగున్నాను. చూడండి, కోలుకున్నానని డాక్టరే రాశాడు."

ఆమె చివరి కాగితం చదివింది. ముఖం విప్పారింది. "ముందే చెప్పొచ్చుగా! ఇదేమన్నా ఉరిశిక్షా? మందుల మీద ఆరు నెలలు నిలకడగా ఉన్నట్టు కాగితం చూపిస్తే మెడికల్ బోర్డు మళ్లీ ఎగరనిస్తుంది. నాలుగు అయిపోయాయి, ఇంకెంత, రెండు నెలలు..."

అంటూ మొదటి పేజీ తిప్పింది.

"ఎవరీ చెప్పుల వ్యాపారి?"

"మా బావమరిది. పేరు ఆయనది. జబ్బు నాది."

ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

"అయ్యో కెప్టెన్! ఈ కాగితాల ప్రకారం కోలుకున్నది ఆయన. మీరింకా మొదలే పెట్టలేదు." ఆమె ఫైలు మూసింది. "మీ ఆరు నెలలు మీ పేరుతో చీటీ రాయించుకున్న రోజు నుంచి. ఈ దొంగపేరు సంగతి కూడా నేను పైకి రాయక తప్పదు. దానికి వాళ్లేమంటారో, ఎన్నేళ్లు తిప్పుతారో నాకు తెలీదు."

"సోమవారం..."

ఆమె తల అడ్డంగా ఊపింది. కెప్టెన్ పాత సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని ఆమె వైపు జరపడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. ఫైలు సంచిలో పెట్టుకుని లేచాడు. తలుపు దగ్గరికి చేరేసరికి భార్య ఫోన్ చేసింది.

"అయిందా అండీ? సంతకం పెట్టారా?"

"లేదే." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "రేపట్నుంచి కుళాయి తిప్పకుండానే మింగుతాను. పిల్లకు నేనే చెబుతా."

అవతల ఆమె ఏమందో గాని, ఆయన "ఊఁ, ఊఁ" అంటూ వరండా దాటి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఫ్యాను గాలికి పేపర్‌వెయిట్ కింద కొత్త సర్టిఫికెట్ అంచు లేచి పడుతోంది, ఒక్క అక్షరం తప్పు లేకుండా టైపు చేసిన ఆయన సొంత పేరుతో, కింద సంతకం చోటు ఖాళీగా.