మోచేయి

పెన్నులు రాస్తాయో లేదోనని పాత కరెంటు బిల్లు వెనక గీసి చూసింది. నీలంది రాసింది, నల్లది మొరాయించింది. అరచేతుల మధ్య నాలుగుసార్లు దొర్లించి, నోటి ఆవిరి పట్టించాక అదీ దారికొచ్చింది. రెండింటినీ సంచిలో వేసింది. మంచినీళ్ళ సీసా, ఇద్దరికీ సరిపడా టిఫిను, కోర్టు ఉత్తర్వు నకలు, మొగుడి కళ్ళజోడు, తన నోటుపుస్తకం. ఇది నాలుగో శనివారం, ఆఖరిది. ఈరోజు పరీక్ష.

"తాగింది వాడొక్కడూ, బడికి పోయేది ఇద్దరూనూ," అంది అత్తగారు కూర తరుగుతూ. "పక్కనే కూర్చున్నదానివి, వద్దని ఒక్క మాట అనలేకపోయావటమ్మా?"

నెలన్నరగా ఇదే ప్రశ్న. మొదట్లో జవాబు చెప్పేది. తర్వాత, అత్తగారికి కావలసింది జవాబు కాదని తెలిసి మానేసింది.

నిజానికి ఒక్క మాట కాదు, రెండు మాటలన్నది. జరిగింది పట్టపగలు. అతని ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంటు విందు. భోజనాలయ్యాక అతని నడక చూసి, "టాక్సీలో పోదామండీ," అంది. "నాకు నువ్వు చెప్తావా?" అన్నాడు పదిమందిలో నవ్వుతూనే. ఆ నవ్వు వెనకాల ఏముంటుందో ఆమెకు తెలుసు. నోరు మూసుకుని ఎక్కి కూర్చుంది. వెనక సీట్లో పదేళ్ళ కూతురు. మూడో మలుపులో కారు ఫుట్‌పాత్ ఎక్కి, ఒక చెప్పుల దుకాణం బోర్డును పడగొట్టి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పోలీసు వచ్చి గొట్టం ఊదమన్నాడు. అంకె చూసి, "మొదటిసారా?" అన్నాడు. "మొదటిసారే సార్, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి," అన్నాడతను. పోలీసు ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది.

మొదటి తప్పు కనుక జైలు లేదన్నారు జడ్జిగారు. జరిమానా వేశారు. ఆరునెలలు బండి ముట్టుకోకూడదన్నారు. నాలుగు శనివారాలు తరగతులకు వెళ్ళాలి, ఇంట్లోవాళ్ళలో ఒకరు వెంట రావాలి, చివర్లో పరీక్ష నెగ్గాలి. తప్పితే తరగతులు మళ్ళీ మొదటినుంచీ. నెగ్గేదాకా లైసెన్సు చేతికి రాదు. అతను సర్వేయరు. పొద్దున లేస్తే కొలత సామాను కార్లో వేసుకుని ఎక్కడెక్కడి భూముల్లోనో తిరగాలి. ఆరునెలలు ఓపిక పడతాం, ఆపైన మా వల్ల కాదని ఆఫీసువాళ్ళు మొహం మీదే చెప్పేశారు.

పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఈ శనివారాలు ఆమెకు ఎంత బాగున్నాయో! మొగుడికి శిక్ష పడితే పెళ్ళానికి సెలవు దొరికింది. ఆ పూటకు వంట అత్తగారిది. బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో. కిటికీ పక్కన ఆమె, సంచి ఒళ్ళో పెట్టుకుని అతను. కారులో అరిచే మనిషి బస్సులో ఎంత నెమ్మదో. పద్దెనిమిదేళ్ళ కిందట కాలేజీ బస్సులో కూడా ఇలాగే, ఆమె పుస్తకాల సంచి అడిగి మరీ ఒళ్ళో పెట్టుకునేవాడు. గాలికి ఆమె జుట్టు అతని మొహం మీద పడుతుంటే తప్పుకునేవాడు కాదు. దిగాల్సిన చోటు వస్తుంటే ఇద్దరికీ బెంగగా ఉండేది.

అప్పుడు చదివింది సర్వే, డ్రాయింగు డిప్లొమా. తరగతిలో నలుగురే ఆడపిల్లలు. అక్కడ ఆమె పేరు మోచేయి. పరీక్షలో ఎడమచేతిని కాగితం చుట్టూ అడ్డం పెట్టి రాసేది, పక్కవాడికి చుక్క కూడా కనిపించనిచ్చేది కాదు. ఆ పేరు పెట్టింది అతనే. "మోచేయి తల్లీ, ఒక్క ప్రశ్న!" అని బతిమాలేవాడు. "నీ తలకాయ నువ్వు వాడుకో," అనేది. ఆఖరి సంవత్సరం ఆఖరి పరీక్షలో, అతని నుదుటి మీద చెమట చూసి ఏమనిపించిందో ఏమో, మోచేయి పక్కకు జరిపింది. అంతే. అప్పుడతని కళ్ళలో మెరిసినదాన్ని ప్రేమ అనుకుంది. ప్రేమే అయ్యుంటుంది. ఇప్పటికీ కాదనడానికి ఆమెకు మనసొప్పదు.

ఇద్దరూ నెగ్గారు. ఉద్యోగంలో మాత్రం ఒక్కరే చేరారు. "ఇద్దరం ఎండనపడి తిరిగితే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు. పెళ్ళయిన వారానికి అత్తగారు, "మొగుణ్ణి నువ్వంటావేమిటి, వాడేమన్నా నీ తమ్ముడా?" అని ఆ పిలుపు కూడా మాన్పించింది. అతను తెచ్చిన కొలతలకు వంటింటి బల్ల మీద పటాలు గీసేది ఆమె. కుక్కరు మూడో కూత వేసేలోపు ఒక సరిహద్దు పూర్తయ్యేది. కింద సంతకం అతనిది. ఆఫీసులో అతని గీత చక్కనిదని పేరు. 'మోచేయి' కాస్తా 'ఏమోయ్' అయి, తర్వాత 'ఇదిగో' అయి, చివరికి పిలవాల్సిన అవసరమే లేకుండా అన్నీ చేతికి అందించడం ఆమెకు అలవాటైపోయింది.

తరగతి జరిగేది ఒక చిన్నపిల్లల బడిలో. గోడకు ఎక్కాల పట్టిక. పొట్టి బెంచీల మీద పెద్దమనుషుల మోకాళ్ళు గడ్డాలకు తగులుతుంటే చూడముచ్చటగా ఉండేది. చెప్పే ఆవిడ రిటైరైన నర్సు, ముప్ఫై ఏళ్ళు ప్రమాదాల వార్డులో చేసిన మనిషి. మొదటిరోజే, "మీరంతా మొదటిసారి పట్టుబడ్డవాళ్ళు. మొదటిసారి తాగి నడిపామని మాత్రం నాతో అనకండి, నాకు నవ్వొస్తుంది," అంది. మగవాళ్ళెవరూ నవ్వలేదు. వెంట వచ్చిన ఆడవాళ్ళు నవ్వారు.

అతను కునికిపాట్లు పడేవాడు. ఆమె రాసుకునేది. రెండోసారి పట్టుబడితే జైలు. ఎవరికైనా దెబ్బ తగిలితే కేసే మారిపోతుంది, బీమావాళ్ళు చేతులెత్తేస్తారు. రికార్డుల్లో పేరు ఏళ్ళ తరబడి ఉంటుంది. నిమ్మరసం తాగినా, తలమీద చన్నీళ్ళు కుమ్మరించుకున్నా ఎక్కింది త్వరగా దిగదు. ప్రతి శీర్షిక కిందా స్కేలు పెట్టి గీత కొట్టింది. కొత్త నోటుపుస్తకం తెరిచినరోజు ఆ వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకు చదువంటే ఇంత ఇష్టమన్న సంగతి తనే మరిచిపోయింది.

నర్సమ్మ పరీక్ష కాగితాలు అందరికీ పంచింది, ఆడవాళ్ళకు కూడా. "మీవి నేను తీసుకోనమ్మా, దిద్దను. మీకోసం మీరు రాసుకోండి," అంది. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగి, "మొత్తం పది. పదోది రాయకపోతే మిగతా తొమ్మిదీ నేను చూడను," అంది.

అతను ఆమెకు ఎడమవైపు కూర్చున్నాడు, ఎప్పటిలాగే. మొదటి ప్రశ్న నుంచి తొమ్మిదో దాకా ఆమె రాయడం, అతను ఓరగా చూసి దింపడం. జరపమని అడగనక్కర్లేదు, మోచేయి దానంతటదే తప్పుకుంది.

పదో ప్రశ్న: మీరు తాగి నడిపినప్పుడు బండిలో మీతో ఎవరున్నారు? అప్పుడు వాళ్ళకెలా ఉండి ఉంటుంది?

ఆమె పెన్ను కాసేపు ఆగింది. తర్వాత ఇక ఆగలేదు. మొదటిసారి కాదు, అని మొదలుపెట్టింది. మొదటిసారి కొండదారిలో, పిల్ల కడుపులో ఉంది, కళ్ళు మూసుకుని పొట్టకు రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు. ఈసారి అమ్మాయి వెనకనుంచి నా భుజం పట్టుకుంది. అమ్మా, ఇంకెన్ని మలుపులు అని అడిగింది. మూడు అన్నాను. పోలీసు అడిగితే నేను తలూపాను. అప్పుడు అమ్మాయి నా భుజం మీంచి చెయ్యి తీసేసింది. ఆ తర్వాత నన్నేమీ అడగడం లేదు.

"మోచేయీ!"

గుసగుస. ఎన్నేళ్ళయింది ఆ పిలుపు విని! ఆమె తలతిప్పి చూసింది. అదే నుదురు, అదే చెమట, చెవుల దగ్గర జుట్టు మాత్రం నెరిసింది. ఆ ఒక్క పిలుపుకి ఎన్ని శనివారాలైనా ఇచ్చేయాలనిపించింది. ఇతను పరీక్ష తప్పితే లైసెన్సు రాదు. లైసెన్సు రాకపోతే ఉద్యోగం ఉండదు. అత్తగారి నోరు మూతపడదు. ఎడమచెయ్యి కదలబోయింది.

"ఒక్కటి చెప్పు చాలు," అన్నాడు ఇంకా దగ్గరికి వంగి. "ఆ రోజు అమ్మాయి నా వెనక కూర్చుందా, నీ వెనకా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"అది నువ్వు రాయి," అంది.

పద్దెనిమిదేళ్ళ తర్వాత నోటికొచ్చిన 'నువ్వు'ను సర్దుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. ఎడమచేతిని కాగితం చుట్టూ తెచ్చి, మోచేతిని బెంచీకి గట్టిగా ఆనించింది. ఈ కాగితం ఎవరూ తీసుకోరు, ఎవరూ దిద్దరు. ఇంటికి తీసుకెళ్ళి అమ్మాయికి ఇవ్వాలి. పిల్లకు తేలిగ్గా చదవడానికి వీలుగా, అక్షరాలు కొంచెం పెద్దవి చేసి రాయసాగింది.